జపం మధ్యలో దగ్గు

కైవేన్ దీవి,
మార్చి 1964

అక్కా,

నువ్వు పంపిన చేతితొడుగులు అందాయి. రెండూ ఎడమ చేతివే. మఠంలో అల్లికలు నేర్చుకుంటున్నానని గొప్పగా రాశావు. మనిషికి చేతులు ఎలా ఉంటాయో కూడా ఒకసారి చూసుకోమని మీ మదర్‌తో చెప్పు. అయినా వేసుకుంటున్నాను. కుడిచేతికి బొటనవేలు వెనక్కి తిరిగి ఉంటుంది, అంతే.

దుంపలు తవ్వేశాం. ఆపిల్ కల్లు ఈ ఏడు బాగా కుదిరింది. నా ఎడ్లు బిషప్, గవర్నర్ ఇద్దరూ కులాసా. ఫాదర్ వచ్చినప్పుడు మాత్రం ఆ పేర్లతో పిలవకుండా ఈల వేస్తాను.

అసలు సంగతికి వస్తాను. నాన్న పోయాక ఫిస్కాల్ పని నాకు అంటగట్టినప్పుడు, నోరు కడుక్కోనివాడికి గుడి తాళం ఇచ్చారని నవ్వావు. గుర్తుందా? ఫాదర్ ఏడాదికోసారి పడవ దిగి రెండు పూటలుండి పోతాడు. మిగతా ఏడాదంతా ఆదివారం జపం చెప్పించేది, పుట్టినవాళ్లకు నీళ్లు పోసేది, పోయినవాళ్లను మట్టిలో పెట్టేది నేనే. అందులో నా వల్ల ఏ లోటూ రాలేదు, ఒక్క వాక్యం తప్ప.

రెండేళ్లుగా పరలోక జపంలో ఒక వాక్యం నా గొంతులోంచి రావడం లేదు. మాకు చెడు చేసినవాళ్లను మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు అనే వాక్యం. ఒప్పుకోని మాటకు ఒట్టు పెట్టినట్టు అనిపిస్తుంది. అందుకని అక్కడికి రాగానే దగ్గుతాను. మొదట్లో సునీల్దా పిన్ని జాలిపడి తేనె పంపింది. తర్వాత ముందు బల్లల మీదివాళ్లు మర్యాదకి నాతో పాటు దగ్గారు. వాళ్లను చూసి వెనకవాళ్లు మొదలుపెట్టారు. ఇప్పుడు గుడి గుడంతా దగ్గుతోంది. మొన్న సునీల్దా పిన్ని పిల్లలకు జపం నేర్పుతుంటే కిటికీ అవతల నుంచి విన్నాను. "ఇక్కడ దగ్గాలి నాయనా" అని చెబుతోంది. పిల్లలు చేతులు జోడించి, కళ్లు మూసుకుని, భక్తిగా దగ్గారు.

ఎవరివల్లో నీకు తెలుసు. అచావో సంత నుంచి బెలార్మినో పడవలో వస్తూ ఒతీలియా పోయింది. పడవ తిరగబడితే బెలార్మినో బయటపడ్డాడు. సంతలో కొన్న పొట్టేలు బయటపడింది. నా పెళ్లాం బయటపడలేదు. వాన మసకలో ఆ పొట్టేలును వాటేసుకుని ఒడ్డుకు ఈదుకొచ్చాడని గుల్లలు ఏరుకునేవాళ్లు కళ్లారా చూసి చెప్పారు. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. దినాల జపానికి రాలేదు. అప్పటి నుంచి గుడి లోపల అడుగు పెట్టలేదు. పొట్టేలు మాత్రం వాడి పెరట్లో మేస్తూనే ఉంది. నేను అటుగా పోతే తలెత్తి చూస్తుంది. వాడు తలెత్తడు.

నాలుగేళ్ల కింద భూకంపం నాడు నేల కుంగినప్పటి నుంచీ సముద్రం వాడి గడప దాకా వచ్చేది. ఈ ఏడు పొయ్యి దాకా వస్తోంది. లోపల మంచం దిగని తల్లి ఉంది. మే నెల పోటు లోగా ఇంటిని దుంగల మీదికి ఎక్కించి గట్టు మీదికి లాగించాలి. అందుకని వాడు ఇంటింటికీ తిరిగి మనవి చేస్తున్నాడు. మన దీవి కట్టు నీకు తెలుసు. ఇంటికి వచ్చి, టోపీ తీసి, దేవుడి పేరున అడిగితే కాదన్నవాడు ఇంతవరకూ లేడు. అడగందే పోవడమూ లేదు. పిలవకుండా ఎడ్లు తోలుకుపోతే, నీకు దిక్కు లేదని మొహాన అన్నట్టు.

నా ఎడ్ల జత లేకుండా ఆ ఇల్లు బంకమట్టి వాగు దాటదు. ఈ సంగతి వాడికి తెలుసు, నాకూ తెలుసు. వాడు మా ఇంటికి రావాలి. వస్తే నేను ఊ అనాలి. అందుకని దొరక్కుండా తిరుగుతున్నాను. సోమవారం దుంపల గాదెలో దాక్కున్నాను. నిన్న కల్లు పీపా వెనక. అక్కడ బాగానే గడిచింది.

నువ్వు దేవుడికి దగ్గరలో ఉంటావు కదా, ఒక మాట అడిగి చెప్పు. దొరకనివాడు కాదన్నట్టు లెక్కా?

ఎవారిస్తో


పుంతా అరేనాస్,
ఏప్రిల్ 1964

తమ్ముడూ,

నేను దేవుడికి దగ్గరలో లేను, వంటింటికి దగ్గరలో ఉన్నాను. ముసలివాళ్ల ఆశ్రమంలో సిస్టర్‌గా ఉండటమంటే దుంపల తొక్కు తీయడమే. తొక్కు తీసేటప్పుడు దేవుడు ఎప్పుడైనా వస్తే, కూర్చోమని కత్తి ఒకటి చేతికిద్దామని చూస్తున్నాను. నీ ప్రశ్న మాత్రం ఆయన దాకా పంపలేదు. అలాంటివి పండగ పూట నవ్వుకోవడానికి దాస్తాను.

ఇక్కడ ద్రాగో అని ఒక ముసలాయన ఉన్నాడు. క్రొయేషియా నుంచి వలస వచ్చిన మనిషి, జీవితమంతా గొర్రెల ఉన్ని కత్తిరించాడు. ఇప్పుడు రోజూ నేను పెట్టిన సూపు నా మీదే ఉమ్ముతాడు. వేరే సిస్టర్ పెడితే తాగుతాడు. మొన్న గరిటె గోడకేసి కొట్టి, నాన్న ఎడ్లను తిట్టే మాట ఒకటి అనేశాను. పక్కన కొత్తగా చేరిన పిల్ల ఉంది, మంచి ఇంటి పిల్ల. ఆ మాటకు అర్థం తెలియక వెళ్లి మదర్‌ని అడిగింది. ఈ వారమంతా నడవా తుడుస్తున్నాను. సిగరెట్టు మానలేదు. చాకిరేవు గది వెనక గాలి మంచిదిక్కుకు వీస్తుంది.

జపంలో దగ్గు సంగతి చదివి ఇంతలా నవ్వానేమిటని మదర్ అడిగితే, మా తమ్ముడికి జలుబు చేసిందన్నాను. అదీ ఒప్పుకోలులో చెప్పాలి ఇక.

క్షమించమని నీకు రాస్తాననుకున్నావేమో. రాయను. ఒతీలియా నీకు పెళ్లాం కాకముందు నాకు స్నేహితురాలు. నాన్న శవం పక్కన కూర్చుని, ఆయన మీసం మీద ఈగ వాలిందని నా చెయ్యి గిల్లి నవ్వించిన మనిషి. అలాంటిది లేని దీవికి ఏం చూడటానికి రావాలని సెలవులు అడగడం మానేశాను. మఠంలో పని ఒత్తిడని నీకు రాశాను, అబద్ధం. ఇంకోటి కూడా చెబుతున్నాను, ఎవరికీ చెప్పకు. ఈ రెండేళ్లూ సాయంత్రం జపంలో ఆ పొట్టేలు చావాలని అడుగుతున్నాను. మనిషి చావు అడగకూడదని నేర్పారు. పొట్టేలు గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

కాబట్టి నేను నీకు క్షమించే దారి చూపలేను, నాకే తెలియదు. కానీ ఎడ్లకు బెలార్మినో మీద పగేమీ లేదు కదా. బిషప్‌నీ గవర్నర్‌నీ తోలుకుపో. నీ మనసు రానంటే ఇంటి దగ్గర గుంజకు కట్టేసి పో. మనసు బాగుపడ్డాకే కాడి కట్టాలంటే, ఈ ఆశ్రమంలో ఇన్నేళ్లుగా ఒక్కరికి కూడా సూపు అందేది కాదు.

గాదెలోంచి బయటికి రా. ఫిస్కాల్‌వి, ఎలకవి కాదు.

నీ అక్క
ఎర్మెలిందా

కుడిచేతివి రెండు అల్లుతున్నాను. మొత్తం రెండు జతలవుతాయి.


కైవేన్ దీవి,
ఏప్రిల్ చివర

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన పడవ నాలుగు రోజులు ముందు వచ్చి ఉంటే బాగుండేది. ఇక్కడ జరగాల్సింది జరిగిపోయింది. ఎవరో ఒకరు రాసేస్తారు కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆదివారం జపం అయ్యాక కొవ్వొత్తులు ఆర్పుతున్నాను. బెలార్మినో గుడి గేటు బయట నిలబడి ఉన్నాడని ఒక కుర్రాడు వచ్చి చెప్పాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడట. గుడి తలుపు ఒక్కటే. నేను సామాన్ల గదిలోకి పోయి కిటికీ ఎక్కాను. నాన్న హయాంలో అందులోంచి దూరేవాణ్ని. ఇప్పుడు నడుము దగ్గర ఇరుక్కుపోయాను. సగం బయట, సగం దేవుడి గుడిలో. బయటి సగం తిట్టిన తిట్లు గేటు దాకా వినిపించాయట. లోపలి సగం కాళ్లు కొట్టుకుంటుంటే పునీత ఆంతోనీ స్వరూపం కింద పడి ముక్కు విరిగింది.

జనం చుట్టూ తిరిగి వచ్చారు. వాళ్ల ముందు బెలార్మినో. నా తల అతని నడుము ఎత్తున ఉంది. ఒక్క మాట అడిగితే చాలు, ఎటూ పోలేను కూడా. అడగలేదు. నన్ను కాసేపు చూశాడు. మనవి చేయడానికి తీసిన టోపీని మళ్లీ తలకు పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత అందరితో అన్నాడట, ఎవారిస్తోని అడగను, ఉన్న ఎడ్లతోనే లాగుతాను, అడిగితే పాపం ఏదో ఒక కిటికీలో ఇరుక్కుని చస్తాడని.

సునీల్దా పిన్ని సాయంత్రం వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఫిస్కాల్‌కి నోరు చెడ్డదైతే ఓర్చుకున్నాం నాయనా, నీ బాబుదీ అంతే. కల్లు ఎక్కువైతే ఓర్చుకున్నాం. మనవి చూసి పారిపోయేవాణ్ని మాత్రం ఈ దీవిలో ఎవరూ మొయ్యరు. తలుపులోంచి నడవడం నేర్చుకో, లేకపోతే జూన్‌లో ఫాదర్ వచ్చినప్పుడు తాళం ఆయన చేతిలో పెట్టు." అంతే అని వెళ్లిపోయింది. తేనె సీసా ఖాళీది అడిగి తీసుకుపోయింది.

ఆ రాత్రి తాగాను. మర్నాడు పునీతుడి ముక్కును కొవ్వొత్తి మైనంతో అతికించాను. కొంచెం పక్కకు వచ్చింది. సంతలో కొట్లాడి వచ్చినవాడిలా ఉన్నాడు.

సరే, నేను కోరుకున్నదే అయింది. వాడు అడగడు, నేను పోనక్కర్లేదు, కాదన్న మాటా లేదు. కానీ తిండి సయించడం లేదు. పొలంలో నిలబడితే వాడి ఇల్లు కనిపిస్తుంది. పోటు వచ్చినప్పుడు నీళ్లు లోపలికి పోయి పెరటి తలుపులోంచి బయటికొస్తున్నాయి. ముసలమ్మ మంచాన్ని బెంచీల మీదికి ఎత్తారట. మే రెండో వారంలో లాగుతారు. వాగు దగ్గర ఆగిపోతుంది, నాకు తెలుసు. ఆ బంకమట్టిలో తక్కిన జతలన్నీ మోకాళ్ల దాకా దిగి నిలబడతాయి. బిషప్ ఒక్కడే అందులో అడుగు తీసి అడుగు వేయగలడు.

మొన్నటి దాకా అడుగుతాడేమోనని దాక్కున్నాను. ఇప్పుడు అడగడేమోనని గుమ్మంలో కూర్చుంటున్నాను. పిలవనిదే పోలేను కదా అక్కా.

ఎవారిస్తో


పుంతా అరేనాస్,
మే మొదట

ఎవారిస్తో,

ఇది చిన్న ఉత్తరం. పడవ మధ్యాహ్నం పోతుంది.

ద్రాగో మంగళవారం పోయాడు. చివరి రోజుల్లో మింగలేకపోతే చెంచాతో నేనే పెట్టాను. వేరేవాళ్లకు పని ఉంది. ఆఖరి చెంచా కూడా నా మీదే ఉమ్మాడు. కడిగి, గడ్డం గీసి, బట్టలు వేసింది నేనే. పోయేదాకా అతనికి మర్యాద రాలేదు, నాకు ప్రేమ రాలేదు. సూపు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. దీన్ని దేవుడు ఏ ఖాతాలో వేసుకుంటాడో నాకు తెలియదు. ఆయన మీద నాకూ కొన్ని ఖాతాలున్నాయి, కలిసినప్పుడు చూసుకుంటాం.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బెలార్మినో తల్లి ఆ మంచం మీద మునిగిపోతే, మట్టి జపం చెప్పాల్సింది నువ్వే. అప్పుడు ఏ వాక్యం దగ్గర దగ్గుతావు?

పిలవనిదే పోలేనంటున్నావు. అయితే పిలిపించుకో. గాదెలో దాక్కోవడానికి అంత తెలివి వాడినవాడివి, కనబడటానికి కొంచెం వాడలేవా?

ఒతీలియా ఉంటే నిన్ను ఆ కిటికీలోంచి తీయనిచ్చేది కాదు. వారం రోజులు అక్కడే ఉంచి, ఇరుగుపొరుగును పిలిచి చూపించేది.

ఎర్మెలిందా


కైవేన్ దీవి,
మే నెలాఖరు

అక్కా,

లాగుడు అయిపోయింది. మొదటి నుంచి చెబుతాను, తొందరపడి చివరికి పోకు.

ఆ రోజు తెల్లవారకముందే పోటు ఎక్కువగా ఉంది, సన్నగా వాన. మా పొలంలోంచి అంతా కనిపిస్తోంది. ఇంటి కిటికీలు, తలుపులు ఊడదీశారు. కింద దుంగలు దూర్చారు, గొలుసులు కట్టారు. దీవిలోని ఎడ్లన్నీ అక్కడే ఉన్నాయి, నావి తప్ప. ముసలమ్మ హెసూసా ఇల్లు దిగనంది. నలభై ఏళ్లు ఈ ఇంట్లో ఉన్నాను, అది ఎటు పోతే నేనూ అటే అందట. పొయ్యి పక్కన ఆమె మంచాన్ని తాళ్లతో కట్టేశారు. మాతే టీ గిన్నె చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఇల్లు కదిలింది. చెప్పొద్దూ, చూడటానికి బాగుంది, గొట్టంలోంచి పొగతో సహా ఇల్లు నడిచి వస్తుంటే. వాగు దగ్గరికి వచ్చి ఆగింది. ఎడ్లు దిగబడ్డాయి. అరిచారు, కొట్టారు, మనుషులు భుజాలు పెట్టారు. ఇల్లు సముద్రం వైపుకు ఒరిగింది. వెనక నీళ్లు పెరుగుతున్నాయి.

అప్పుడు నాకు ఎడ్లకు నీళ్లు పెట్టాలని గుర్తొచ్చింది.

మా ఇంటి వెనకే మంచినీటి ఊట ఉంది. సముద్రపు నీళ్లు ఎద్దు ముట్టదు. ఈ రెండూ దీవిలో అందరికీ తెలుసు. గవర్నర్‌కీ తెలుసు, అందుకే దారంతా మొరాయించాడు. నేను కాడి కట్టి, గొలుసు భుజాన వేసుకుని, వాళ్లను నీళ్లు తాగించడానికి సముద్రం ఒడ్డుకు తోలుకుపోయాను. సరిగ్గా వాగు పక్కకు. అక్కడ నిలబడి ఎడ్లకు సముద్రం చూపించాను. ఎడ్లు నన్ను చూశాయి. జనం లాగడం ఆపి మా ముగ్గుర్నీ చూశారు.  నేను ఈల వేశాను.

ముసలమ్మ హెసూసా మంచం మీది నుంచే కిటికీ కన్నంలోంచి తల బయట పెట్టింది. "ఎవారిస్తో, కిటికీలన్నీ తీసేశారు. నువ్వు దూరాలంటే ఇబ్బందేమీ లేదు" అంది.

అందరూ నవ్వారు. బెలార్మినో నవ్వలేదు. బురదలోంచి తొడల దాకా కాళ్లు పీక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. టోపీ తీశాడు. "ఇల్లొకటి ఉంది, నా బలం చాలదు. దేవుడి పేరున నీ ఎడ్లను అడుగుతున్నాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

తిరుగు మాట నీకు తెలుసు, దేవుడి పేరున తీసుకో అనాలి. అందామనే నోరు తెరిచాను. "ముందు ఆ పొట్టేలు సంగతి చెప్పు" అన్నాను. రెండేళ్లలో నేను అడగలేదు అక్కా. వాడు చెప్పలేదని తిట్టానే కానీ, అడగలేదు.

వాడు టోపీ కేసి చూస్తూ నాకొక్కడికే వినబడేలా చెప్పాడు. "వానలో ఏమీ కనబళ్లేదు. చేతికి ఉన్ని తగిలింది. తడిసిన ఉన్ని, బరువుగా. ఒతీలియా శాలువా అనుకున్నా. ఇంక వదల్లేదు. పేరు పెట్టి పిలుస్తూనే ఈదాను, భయపడకు ఒతీలియా, వచ్చేశాం అని. కాళ్లు నేలకు తగిలాక చూశాను."

మళ్లీ అన్నాడు. "ఎవరికి చెప్పను? నమ్మరు. నమ్మినవాళ్లు నవ్వుతారు. దాన్ని కొయ్యడానికీ ఇన్నాళ్లూ చేతులు రాలేదు."

మన ఆడవాళ్ల శాలువాలు నీకు తెలుసు. వాన దిగకుండా ఉన్నిలో జిడ్డు ఉంచే నేస్తారు. తడిస్తే గొర్రె వాసనే, గొర్రె బరువే. ఒతీలియాది ఇంకా మందం, తనే నేసుకుంది. ఆ నీళ్లలో నేనున్నా ఆ ఉన్నినే పట్టుకునేవాణ్ని.

నాకు నవ్వు వచ్చింది. ఎలా వచ్చిందో తెలియదు, ఆపలేకపోయాను. తన పేరు పెట్టి బుజ్జగిస్తూ ఒక పొట్టేలును ఒడ్డుకు చేర్చాడని వింటే ఒతీలియా నేల మీద పడి దొర్లేది. చచ్చిపోయిన సంగతి కూడా మరిచిపోయేది. బెలార్మినో బిత్తరపోయి చూశాడు. తర్వాత ఏడ్చాడు. నేను నవ్వుతూనే ఉన్నాను, ఎప్పుడు మారిందో కానీ నేనూ ఏడుస్తున్నాను. ఇద్దరి మొహాల నిండా బురదే కాబట్టి దూరంగా ఉన్నవాళ్లకు ఏమీ తెలిసి ఉండదు.

దేవుడి పేరున తీసుకో అన్నాను. ఆ తర్వాత దేవుడికి వినబడకూడని మాటలు చాలా అన్నాను. బిషప్‌ని, గవర్నర్‌ని, గొలుసు వదులుగా కట్టిన బెలార్మినోని, అందరినీ. ఇల్లు మళ్లీ కదిలి, వాగు దాటి, గట్టెక్కింది. ముసలమ్మ మాతే ఒలికిందని తిట్టింది.

లాగినవాళ్లకు తిండి పెట్టాలి కదా. గోతిలో రాళ్లు కాల్చి గుల్లలు, దుంపలు పెట్టారు. పక్కన కుండలో పొట్టేలు. ఆ పొట్టేలే. ఆ పొద్దునే కోశాడట. ఇల్లు పోయే చోటికి అది రాకూడదనుకున్నాడట. గిన్నె నాకు అతని పెళ్లాం తెచ్చి ఇచ్చింది.

ముసలి పొట్టేలు, తోలులా ఉంది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఎవారిస్తో


పుంతా అరేనాస్,
జూన్ 1964

తమ్ముడూ,

పొట్టేలు విషయంలో నా జపం ఫలించింది. ఆలస్యంగా, నేను అడగడం మానేద్దామనుకుంటున్నప్పుడు. ఆయన పద్ధతే అంత.

నీ ఉత్తరాన్ని చాకిరేవు గది వెనక చదివాను. నవ్వడం మొదలుపెట్టాను. కొత్త పిల్ల వచ్చి ఏమైందని అడిగితే, ఒక పొట్టేలు గురించని చెప్పాను. ఆమె వెళ్లలేదు, పక్కన కూర్చుంది. మిగతాది రాయను. నా సిగరెట్టు ఒకటి ఆమెకిచ్చాను. దగ్గింది.

ఒకటి అడుగుతున్నాను. ఆ వాక్యం ఇప్పుడు చెబుతున్నావా?

మదర్‌ని సెలవు అడిగాను, వేసవికి. పనేమీ ఒత్తిడిగా లేదు.

ఎర్మెలిందా


కైవేన్ దీవి,
జూలై 1964

అక్కా,

ఫాదర్ వచ్చి వెళ్లాడు. పునీత ఆంతోనీ ముక్కుకు ఏమైందని అడిగితే సునీల్దా పిన్ని గాలి అని చెప్పింది. తాళం మాట ఎత్తలేదు. నేనే జేబులోంచి తీసి పట్టుకున్నాను, ఆమె చూసి తల అటు తిప్పుకుంది.

ఆ సాయంత్రం ఫాదర్ స్వయంగా జపమాల చెప్పించాడు. జపమాలలో పరలోక జపం ఎన్నిసార్లు వస్తుందో నేను మరిచిపోయాను, వాళ్లు మరిచిపోలేదు. వచ్చిన ప్రతిసారీ గుడంతా దగ్గింది. ముసలివాళ్లు, చంకలో పిల్లలు, అంతా ఒక్కసారే దగ్గి ఒక్కసారే ఆగారు. మూడోసారికి ఫాదర్ మొహం పాలిపోయింది. ఈ దీవికి ఊపిరితిత్తుల జబ్బు పట్టిందని, పట్నం వెళ్లగానే మందులు పంపిస్తానని చెప్పి పడవెక్కాడు. ఆయనకు ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. నేను చెప్పాల్సింది. ఆ రోజు నేనూ దగ్గాను, అలవాటు.

నువ్వు అడిగినదానికి జవాబు. క్షమించానో లేదో నాకు తెలియదు. కొన్ని పొద్దుల్లో లేచేసరికి పక్కన చోటు ఖాళీగా ఉంటుంది, అప్పుడు వాడి ఇల్లు మళ్లీ సముద్రంలోకి తోసెయ్యాలనిపిస్తుంది. దున్నకానికి పోయేసరికి తగ్గుతుంది. నోరు మారలేదు. కల్లు కొంచెం తగ్గింది, పీపా అయిపోయింది కాబట్టి.

మొన్న ఆదివారం బెలార్మినో గుడికి వచ్చాడు. ఒతీలియా పోయాక లోపలికి రావడం అదే మొదలు. అందరి వెనక, తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను చూడనట్టే పరలోక జపం మొదలుపెట్టాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి పీల్చి, ఇవాళ చెప్పేద్దామని గట్టిగా అందుకున్నాను. గుడి గుడంతా దగ్గింది. సునీల్దా పిన్ని, ముందు బల్లలు, వెనక బల్లలు, చేతులు జోడించిన పిల్లలు, అందరూ. ఆ దగ్గుల్లో నా గొంతు ఒక్కటే, పిచ్చివాడిలా ఆ మాటలు పట్టుకుని పోతోంది. సగంలో ఆపేద్దామనుకున్నాను.

తలుపు దగ్గర నుంచి ఇంకో గొంతు వినబడింది. ఈ రెండేళ్లూ గుడికి రానివాడు, అక్కడ దగ్గాలని వాడికి ఎవరు నేర్పారు? పాత పద్ధతిలోనే, ఒక్క మాట పోకుండా చెబుతున్నాడు.

ఆ వాక్యం మేమిద్దరమే ముగించాం. తర్వాతి దానికి అందరూ కలిశారు.

ఎవారిస్తో